మూడో గిన్నెలో నీళ్లు

నేను లా పట్టా అందుకున్నాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, బ్యూనస్ ఐరెస్‌లో మా ఒన్సే పేటకంతటికీ ఖరీదైన, మా యూదుల నియమాల ప్రకారం వండే కోషర్ హోటల్‌కి నాన్న నన్ను తీసుకెళ్లాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే. "నువ్వు గట్టెక్కితే అక్కడ పక్కటెముకల మాంసం తినిపిస్తారా" అని మాటిచ్చింది మాత్రం అన్నయ్య ఎలియాస్.

పోయిన వేసవిలో మార్ దెల్ ప్లాతాలో సముద్రంలోకి ఈతకి దిగి అన్నయ్య తిరిగి రాలేదు. శవం దొరకలేదు. అది దొరకనిదే మా ఆచారం ప్రకారం బట్ట చింపుకోవడానికి, నేల మీద కూర్చుని దుఃఖం పాటించడానికి నాన్న ఒప్పుకోలేదు. అమ్మనీ పాటించనివ్వలేదు. ఈ ఆదివారం విందుకి తనకీ నాకూ అన్నయ్యకీ అని మూడు కుర్చీలు చెప్పాడని తెలిసి ఆమె ఇంట్లోనే ఉండిపోయింది.

"నాకు విందులొద్దు రహ్మీన్. నా కొడుకు కోసం నన్ను ఏడవనిస్తే చాలు," అంది నాన్నతో.

మూడు పళ్లేలూ వచ్చాయి.

"ఇంకో బాబు ఆలస్యమా సార్? చల్లారితే కొవ్వు పేరుకుపోతుంది," అన్నాడు హసింతో అనే సర్వరు.

"వాడెప్పుడు టైముకొచ్చాడయ్యా? ఉండనీ." నాన్న నా వైపు తిరిగాడు. "తినండి లాయరుగారూ! పట్టా ఇచ్చి పళ్లు ఊడబీకి పంపించారా ఏంటి?"

నవ్వాను. మాంసం వెన్నలా ఉంది. మూడో పళ్లెం వైపు చూడకుండా తిన్నాను.

తిన్నాక, వేళ్లకంటిన ఉప్పు కడుక్కోవడానికి హసింతో వెండి చెంబూ మూడు చిన్న గిన్నెలూ పెట్టి వెళ్లాడు. నాన్న వేళ్ల మీదా, నా వేళ్ల మీదా నేనే పోశాను. మూడో గిన్నె పొడిగానే ఉంది. ప్రార్థనప్పుడు కత్తి కంటపడకూడదు గనక కత్తుల మీద రుమాలు కప్పాను.

నాన్న గొంతు సవరించుకుని, "రండి, దీవిద్దాం" అని పిలుపందుకున్నాడు. ముగ్గురు మగవాళ్లు కలిసి తింటేనే ఇచ్చే పిలుపది.

"నాన్నా, మనం ఇద్దరమే."

"బదులు పలకరా."

"తప్పు నాన్నా."

"పలుకు, బెర్టో!"

పలికాను. నేను ఆపాక ఇంకో గొంతు అదే మాట ముగించింది. ఎప్పుడూ అరమాట వెనకబడే గొంతు. దానికే చిన్నప్పుడు అన్నయ్యని ఆటపట్టించేవాడిని. పక్కబల్లల వాళ్లెవరూ తలెత్తలేదు.

నాన్న ఎక్కడా తడబడకుండా ప్రార్థన పూర్తి చేశాడు. తర్వాత మూడో గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. అందులో నీళ్లున్నాయి. వేలు ముంచి నాలుకకి తాకించుకుని, "ఉప్పు" అన్నాడు.

"వేళ్ల ఉప్పేమో నాన్నా."

"వేళ్లకి ఇంత ఉప్పుంటుందట్రా?" గిన్నె వంచి చూపించాడు. అడుగున ఇసుక. "మాటిచ్చాడు, వచ్చాడు. తినేసి వెళ్లిపోయాడు."

కాసేపటికి లేచి నిలబడ్డాడు.

"కత్తి ఇవ్వు."

రుమాలు తీసి ఇచ్చాను. కోటు కుడివైపు అంచున గాటు పెట్టి, రెండు చేతులా చించాడు. ఆ చప్పుడుకి మాత్రం హోటలంతా తలెత్తింది.

"అమ్మకి ఫోన్ చెయ్యి," అన్నాడు. "మనం వచ్చేదాకా ఆగొద్దను. నేల మీద కూర్చోమను."