మూడో కమాను దగ్గర పెయింటరు భార్య

నది మీది పాత ఇనప వంతెనకు రంగు వేస్తూ భర్త పడి చనిపోయాక, ఆమెకు ఆ వంతెన మీదే ఊడ్చే పని ఇచ్చారు. అప్పట్లో దాన్ని చూడడానికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. తర్వాత రంగురంగుల దీపాలు పెట్టారు, అంచున గాజు పలకల నడవా వేశారు, టిక్కెట్టు పెట్టారు. జనం విరగబడ్డారు. మాటకారి అని ఆమె మరిదికి గైడు ఉద్యోగం దొరికింది.

ఒకరోజు మధ్యాహ్నం మూడో కమాను దగ్గర ఊడుస్తుంటే మరిది మాటలు చెవిన పడ్డాయి.

"ఇక్కడినుంచే ఒక పెయింటరు పడ్డాడు. ఎందుకనుకున్నారు? కింద పడవలో పోతున్న పిల్లకు కన్నుకొడుతూ రెండు చేతులూ వదిలేశాడు."

జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆమెకు తల తీసేసినట్టయింది.

ఇంటికి వచ్చాక అడిగింది. "మీ అన్న అలాంటివాడా?"

"కాదులే వదినా. తాడు తెగి చచ్చాడంటే ఎవరు వింటారు? ఆఫీసువాళ్ళు మాత్రం ఊరుకుంటారా?" అన్నాడు, ఆమె వడ్డించిన కంచం ముందుకు లాక్కుంటూ.

మర్నాడు అతను పడవ పిల్ల దాకా వచ్చేసరికి ఆమె చీపురు పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ఆ పెయింటరు మా ఆయన. తాడు పీచుపీచైపోయింది, మార్చమని మూడుసార్లు అడిగాడు. మార్చలేదు. పిల్లా లేదు, పడవా లేదు."

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆవిడ భర్త ఫోను తీసి, "కాస్త ఆ కమ్మీ పక్కన నిలబడమ్మా" అన్నాడు.

సాయంత్రానికల్లా మేనేజరు ఆమెను వంతెన కింద మరుగుదొడ్లు కడిగే పనికి మార్చాడు. "అన్నయ్య పోయినప్పటినుంచీ మా వదినకు మతి సరిగా లేదు సార్" అన్నాడు మరిది జాలిగా.

వారం తిరగకుండానే మళ్ళీ పిలుపొచ్చింది. ఆ ఫోటో అందరి ఫోన్లలోనూ తిరిగిందట. వచ్చినవాళ్ళంతా పెయింటరు భార్య ఏదని అడుగుతున్నారట. మేనేజరు ఈసారి కుర్చీ చూపించాడు.

"పైకి వచ్చేయమ్మా. చీపురు పట్టుకుని అక్కడ నిలబడితే చాలు. మాట్లాడే పని మీ మరిది చూసుకుంటాడు."

ఆమె సరేనంది. వచ్చినవాళ్ళలో ఒక్కరికైనా నిజం చెప్పవచ్చని మనసులో అనుకుంది.

మరిదికి ఆమె సంగతి తెలుసు. మొదటి రోజే జనాన్ని చుట్టూ నిలబెట్టి అన్నాడు: "ఈవిడే ఆ పెయింటరు భార్య. పడవ పిల్ల సంగతి తెలిసి పాపం మతిపోయింది. ఎవరు పలకరించినా తాడు తాడు అంటుంది. కావాలంటే అడగండి."

ఒకతను ముందుకు వంగాడు. "ఏమైందమ్మా మీ ఆయనకు?"

"తాడు..." అంది ఆమె.

అందరూ ఒక్కసారిగా గొల్లున నవ్వారు.

ఆ తర్వాత ఎవరు ఏమడిగినా ఆమె నోరు విప్పలేదు. అలా ఉంటేనే ఇంకా బాగుందని మేనేజరు మెచ్చుకున్నాడు.