దూరగలిగే మనిషి

"నువ్వైతే దూరతావులేమే" అన్నాడు దిలావర్, వాన మొదలవగానే.

సౌదీలోని హాయిల్‌కు కాపురానికొచ్చిన మొదటి చలికాలం నుంచి మొగుడి నోట ఆసిఫా వింటున్న మాట ఇది. ఇందులో కోపం లేదు, తిట్టు లేదు, మెచ్చుకుంటున్నట్టే ఉంటుంది. అందుకే దీనికి ఎదురు చెప్పడం ఆమెకు ఇప్పటిదాకా చేతకాలేదు. తిడితే తిరగబడొచ్చు, పొగిడితే ఏం చేస్తాం?

ఎప్పుడో ఏదో కంపెనీ తన విదేశీ ఇంజనీర్ల కోసం కట్టించిన ఇల్లది. నేల మీద నుంచి ఎత్తు చేసి, కింద ఖాళీ వదిలేశారు. అందులో మనిషి నిలబడలేడు, కూర్చుంటే మాత్రం తల తగలదు. దాన్ని ఇంట్లో అందరూ అరబ్బీ మాటతో కబూ అంటారు. ఇల్లంతా వెచ్చబరిచే డీజిల్ ఫర్నేస్ ఆ కబూలోనే ఉంది. దాని వేడిగాలి రేకు గొట్టాల్లో ప్రయాణం చేసి, ప్రతి గదిలో నేలకున్న జల్లెడ మూతలోంచి పైకొస్తుంది. హాయిల్ చలి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వీళ్లకు తెలిసిన చలి కాదు. ఫర్నేస్ ఆగిందంటే దుప్పట్లు కప్పుకుని కూడా వణకాల్సిందే. వాన పడిందంటే వీధి నీళ్లన్నీ వెనక మూల నుంచి తిన్నగా కబూలోకే దిగుతాయి.

ఊళ్లో జనం ఇళ్లల్లో ఏసీలు, హీటింగులు బాగుచేసేది దిలావరే. పనిమంతుడని పేరు. ఊరందరి మిద్దెలెక్కి దిగే ఆ మనిషికి సొంతింటి కబూ తలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం పొట్ట అడ్డం వస్తుంది. అందుకని ఆసిఫా చున్నీ నడుముకు బిగించి, మోకాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి, చెంబుతో నీళ్లు తోడి బకెట్లో పోసి అందిస్తుంది. ఆయన పైన గొడుగు పట్టుకుని నిలబడి అందుకుంటాడు. "జాగ్రత్తమే" అంటుంటాడు. మొదట్లో ఆ జాగ్రత్త తనకే అనుకుని మురిసిపోయింది. "బర్నర్ తడిచిందంటే ఖల్లాస్" అని ఆయన మాట పూర్తి చేశాక తెలిసింది, అది దేని గురించో.

"నీకింకా ఒళ్లు వంగుతాది కదా, వంచు. నా వయసులో వంచుదామన్నా వంగదు" అనేది అత్త రోషన్ బీ, పొడి బట్టలు చేతికిస్తూ. ఆమె ప్రేమ అంతవరకే ఉండేది. అదైనా ఉన్నందుకు ఆసిఫా సంతోషించేది.

ఆ ఇంట్లో ఆసిఫాకు ఒక గది ఉండేది. గది అంటే ఏమంత గది, వంటింటి పక్కన బియ్యం మూటలు పెట్టుకునే చోటు. కానీ దానికి ఒక కిటికీ ఉంది, లోపలి నుంచి వేసుకునే గడియ ఉంది. మధ్యాహ్నాలు ఆ గడియ వేసుకుని, ఫోన్‌ను మూటకు ఆనించి, సౌదీలోనే వేరే ఊళ్లలో ఉన్న తెలుగువాళ్ల పిల్లలకు తెలుగు చెప్పేది. అల్ ఖర్జ్‌లో ఒక పాప, ఖతీఫ్‌లో అన్నదమ్ములిద్దరు, ఇంకా కొందరు. వాళ్లకు నోటికి తెలుగు వస్తుంది, కంటికి రాదు. పెళ్లికి ముందు బడిలో చెప్పిన పంతులమ్మ కాబట్టి వాళ్ల చేత అక్షరాలు దిద్దించడం ఆమెకు అన్నం తిన్నంత సుఖంగా ఉండేది. ఆ గంటసేపు ఆమెను ఎవరూ "ఏమే" అనరు. టీచర్ అంటారు. దిలావర్ మాత్రం స్నేహితులతో "ఏదో ఉబుసుపోకకు చేసుకుంటాదిలే" అనేవాడు.

ప్రతి చలికాలం ఆమె ఒకే మాట అడుగుతూ వచ్చింది. "దాన్ని పైకి మార్చగూడదా?" ఈ ఏడు వాన గట్టిగా కొట్టి, ఆమె ఎంత తోడినా ఫర్నేస్ మునిగిపోయి, ఇల్లంతా చల్లబడ్డాక దిలావర్ సరేనన్నాడు. ఇంటి యజమాని కూడా మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు, మీ ఇష్టం అన్నాడు. ఆసిఫా సంతోషం పట్టలేకపోయింది. మజ్లిస్‌లో పెడతారని ఆమె అనుకుంది. మగ అతిథుల కోసం ఉంచిన పెద్ద గది అది. వీధి వైపు వేరే తలుపుంది, బయటి గోడ ఉంది, జుమ్మా నాడు ఎవరైనా వస్తే తప్ప ఖాళీగా పడి ఉంటుంది. అందులో ఒక మూలకు ఫర్నేస్ పెట్టినా ఎవరికి కష్టం?

పని మొదలైన రోజు దిలావర్ స్నేహితుడు మతీన్ వచ్చాడు. కర్నూలతను, రేకు పని చేస్తాడు. పరాయి మగవాళ్లు ఇంట్లోకొస్తే ఆడవాళ్లు లోపలికి పోయి గడియ వేసుకోవడం ఆ ఇంటి పద్ధతి. రోషన్ బీ పడకగదిలోకి పోయింది. ఆసిఫా తన గదిలోకి పోయి గడియ వేసుకుంది. ఎట్లాగూ క్లాసు వేళే. ఖతీఫ్ పిల్లవాడు ఒత్తులు కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. ఫర్నేస్ ఆగిపోయి ఉంది కదా, నేల జల్లెడలోంచి ఇవ్వాళ వేడిగాలికి బదులు మాటలు పైకొచ్చాయి. కబూ తలుపు దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు వాళ్లు.

"మజ్లిస్‌లో పెట్టేస్తే సులువన్నా. బయటి గోడుంది, పొగ గొట్టానికి ఇబ్బందుండదు."

"మజ్లిసా? నలుగురొచ్చి కూచునే చోటబ్బీ, ఆ మోతలో ఎట్ల మాట్లాడుకుంటాం? వంటింటి పక్కన గదొకటుందిలే. ఖాళీదే. ఎవురూ ఉండరు దాంట్లో."

ఆసిఫా ఆ గదిలోనే కూర్చుని ఉంది. జల్లెడకు జానెడు దూరంలో ఆమె కాళ్లున్నాయి. వంగి నోరు దగ్గర పెట్టి ఒక్క మాట అంటే కిందికి వినబడుతుంది. నేనుండాను అంటే చాలు. కానీ పరాయి మగవాడు వినేట్టు గొంతెత్తడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగని పని. వంగింది, చున్నీ సర్దుకుని మళ్లీ వెనక్కి జరిగింది. ఫోన్‌లో పిల్లవాడు "టీచర్, కరెక్టేనా?" అని అడిగాడు. వాడు ఏం చదివాడో ఆమె వినలేదు. అయినా కరెక్టే నాన్నా అంది.

మతీన్ వెళ్లిపోయాక, అన్నం వడ్డిస్తూ అడిగింది. "మరి నా క్లాసు?"

"క్లాసు ఫోన్లోనే కదమే. ఫోను యాడికైనా తీసుకపోవచ్చు. ఫర్నేస్‌ను చంకన పెట్టుకుని తిరగలేం కదా" అని నవ్వాడు దిలావర్. ఆమె నవ్వలేదని చూసి, "ఏడాదేడాదీ పైకి మార్చమని పోరు పెట్టింది నువ్వే కదా?" అన్నాడు.

"నీ నడుము నొప్పి చూల్లేకే కదా వాడు ఇంత అవస్థ పడేది" అంది రోషన్ బీ, పెరుగు కలుపుకుంటూ.

రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. ఆసిఫాకు ఏడుపొచ్చింది అందుకే. తను నోరు తెరిచి అడిగిందే తన మీద పడింది.

బియ్యం మూటలు వంటింట్లోకి చేరాయి. కిటికీ అద్దం తీసేసి అందులోంచి పొగ గొట్టం బయటికి పంపారు. లోపల ఇంక మనుషులుండరు కాబట్టి గడియను లోపలి నుంచి తీసి బయట బిగించారు. ఇల్లు మళ్లీ వెచ్చబడింది. చూసినవాళ్లందరూ "ఇంగ నీకు కబూ బాధ తప్పింది" అన్నారు. తప్పిందని తలూపింది.

వంటింట్లో కూర్చుంటే కుక్కర్ కూతలు, అత్త సీరియల్. పడకగదిలోనేమో, భోంచేసి కునుకు తీసే దిలావర్. ఒకనాడు ధైర్యం చేసి క్లాసుకు మజ్లిస్‌లో కూర్చుంది. అంతలో మతీన్ సలాం చెబుతూ వీధి తలుపు తోశాడు. అల్ ఖర్జ్ పాప వాక్యం సగంలో ఉండగానే ఫోన్ పట్టుకుని, దొంగలా, లోపలికి పరుగెత్తింది. ఆ సాయంత్రం ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మరునాడు చాప, తీగకు వేలాడే బల్బు పట్టుకుని కబూలోకి దూరింది. ఫర్నేస్ తీసేశాక దాని సిమెంటు దిమ్మె మాత్రం మిగిలింది. దాని మీద చాప పరుచుకుని కూర్చుంది. అక్కడికి ఎవరూ రారు, రాలేరు. నెత్తి మీద తుప్పు గొట్టాలు చూసి అల్ ఖర్జ్ పాప "టీచర్, మీ మిద్దె కిందికి దిగిపోయిందా?" అని అడిగింది. ఆసిఫా చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది.

ఇవ్వాళ ఆ పాప పాఠం మధ్యలో ఉండగా వాన మొదలైంది. వెనక మూల నుంచి నీళ్లు సన్నగా దారి చేసుకుని దిమ్మె దగ్గరికొచ్చి, దాని చుట్టూ తిరిగాయి. గొట్టం ఊడదీసిన కంతలోంచి పైన వంటింటి మాటలు వినిపించాయి.

"వానొస్తాందిరా. కబూలోకి నీళ్లు దిగుతాంటాయి" అంటోంది రోషన్ బీ, అలవాటు కొద్దీ.

"దిగనీలేమ్మా" అన్నాడు దిలావర్, ఆవులిస్తూ. "మునిగేదానికి ఇంగ కింద ఏముందని?"

బకెట్, చెంబు పాత చోటే, చేతికందే దూరంలో ఉన్నాయి. ఆసిఫా వాటిని ముట్టుకోలేదు. దిమ్మె మీదికి కాళ్లు ముడుచుకుని, ఫోన్ కాస్త ఎత్తి పట్టుకుని, "ఊఁ, ఆగొద్దు. తర్వాతి లైను చదువమ్మా" అంది.