మూల బోల్టు

కారు కింద వెల్లకిలా పడుకుని చిన్న మేస్త్రి నూనె చుక్క కోసం చూస్తున్నాడు. ఇంజిన్ అడుగున ఉన్న ఆయిల్ చాంబర్ అంచున అది మెల్లగా ఊరింది, లావెక్కింది, రాలనా వద్దా అన్నట్టు కాసేపు వేలాడింది, చివరికి తెగి సరిగ్గా అతని చెంప మీద పడింది.

“దీని కడుపు చల్లగుండ!” అని పళ్ళు నూరుకుంటూ బయటికి దొర్లాడు.

అతనికి యాభై ఆరేళ్ళు. మోకాళ్ళు పట్టేశాయి, నెత్తి సగం ఖాళీ అయింది, కూతురికి పెళ్ళి చేసి పంపాడు. అయినా ఆ వీధిలో అందరికీ అతను చిన్న మేస్త్రే. ఎందుకంటే షెడ్డులో ఇంకొక మేస్త్రి ఉన్నాడు. అతనికన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. పెద్ద మేస్త్రి. సొంత అన్న.

ఈ కారు షెడ్డుకు రావడం నెలలో ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ పెద్ద మేస్త్రే పనిచేశాడు. రెండుసార్లూ “ఇక చుక్క కారితే అడగండి” అన్నాడు. ఇవాళ కారు యజమానురాలు అడగడానికే వచ్చింది. ఆమె బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ. గోడ పక్కన స్టూలు లాక్కుని, ఒళ్ళో జవాబు పత్రాల కట్ట పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసింది.

“బాగుచేసేదాకా నేనిక్కడే కూర్చుంటాను మేస్త్రి గారూ. మూడింటికి మా అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళాలి. మొన్న దారిలో మాడు వాసన, పొగ. మా అమ్మ భయపడిపోయి మధ్యలో దిగిపోతానంది. దిగి ఎక్కడికెళ్తుంది చెప్పండి, నాలుగడుగులు వేయలేని మనిషి?”

చిన్న మేస్త్రికి ఆమె మీద కోపం రాలేదు. ఆమె కోపం న్యాయమైనది. అతని కోపం షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని స్పార్క్ ప్లగ్గు తుడుస్తున్న మనిషి మీద.

ఆ మనిషి తలెత్తకుండా కిటికీతో అన్నాడు: “చాంబర్ ప్యాకింగ్ రెండుసార్లు మార్చాం. ఇంకోసారి మార్చి చూడమని ఎవరికైనా చెప్పండి.”

చిన్న మేస్త్రి జాకీతో అన్నాడు: “పైన కారుతుంటే కింద తుడిచేవాళ్ళని ఏమంటారో?”

టీచరమ్మ పెన్ను ఆపి కిటికీ వంకా, జాకీ వంకా చూసింది.

ఆ షెడ్డుకు అలవాటైన వాళ్ళకు ఇది కొత్త కాదు. అన్నదమ్ములిద్దరూ పదకొండేళ్ళుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. పొద్దున్నే ఒకరు తాళం తీస్తే ఒకరు షట్టరు ఎత్తుతారు. ఒకే గోతిలో దిగుతారు, ఒకే నూనె డబ్బా వాడతారు. మాట మాత్రం గోడకో, టైరుకో, దారిన పోయేవాడికో చెప్పాలి. “పన్నెండు నంబరు పానా తీసినవాళ్ళకి చేతులు పడిపోయాయా, తిరిగి పెట్టడానికి?” అని అన్న రేడియేటర్ని అడిగితే, “కళ్ళున్నవాళ్ళకి కనిపిస్తుంది” అని తమ్ముడు బ్యాటరీకి జవాబిస్తాడు.

అంతకు ముందు అలా ఉండేది కాదు. తండ్రి లారీతో పాటు లోయలో పడిపోయినప్పుడు తమ్ముడికి పద్నాలుగేళ్ళు. అన్న అతన్ని వెంటేసుకుని ఈ షెడ్డుకు తెచ్చాడు. బోల్టు తిప్పడం నేర్పింది అన్న. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పడం నేర్పింది అన్న. “ముందు కడుగు, తర్వాత చూడు. చూశాక ముట్టుకో” అన్నది అన్న. తర్వాత తమ్ముడికి పెళ్ళి చేసిందీ, ఇంటికి మధ్య గోడ పెట్టి సగం ఇచ్చిందీ కూడా అతనే.

పదకొండేళ్ళ కిందట ఒక మందుల ఏజెంటు కారుకు నూనె మార్చారు. డ్రెయిన్ బోల్టు సరిగా బిగించలేదు. ముప్ఫై కిలోమీటర్లు పోయాక బోల్టు ఊడి, నూనెంతా కారి, ఇంజిన్ పట్టేసింది. ఏజెంటు కారును తాళ్ళతో లాగించుకొచ్చి వీధంతా వినబడేలా అరిచాడు. అప్పుడు పెద్ద మేస్త్రి పదిమంది ముందు తమ్ముడి వైపు వేలు చూపించాడు. “వీడే. వీడి చేతిలో ఏ పనీ నిలవదు.”

తమ్ముడు ఆ రోజు ఆ కారును తాకనైనా తాకలేదు. బోల్టు బిగించింది అన్న చెయ్యి. ఇద్దరికీ తెలుసు. ఆ క్షణాన నోరెత్తి అన్న పరువు తియ్యలేక తలదించుకున్నాడు. సాయంత్రానికైనా పిలిచి ఒక మాట అంటాడని చూశాడు. అనలేదు. మర్నాడు చూశాడు. ఆ మర్నాటి నుంచి చూడటం మానేశాడు, మాట్లాడటమూ మానేశాడు.

వేరే షెడ్డుకు పోవచ్చు కదా అని భార్య చాలాసార్లు అంది. పోతే తప్పు ఒప్పుకున్నట్టే. అందుకే పోలేదు. పదకొండేళ్ళుగా కేవలం కోపంతో రోజూ టైముకు పనిలోకొచ్చిన మనిషి ఆ ఊళ్ళో అతనొక్కడే అయి ఉంటాడు.

అతను కారు ముందు మూత ఎత్తి కొక్కెం పెట్టాడు. ఇంజిన్ వెనక భాగమంతా నల్లటి జిడ్డు. కిరసనాయిలులో ముంచిన బ్రష్షుతో పై నుంచి కింది దాకా కడిగాడు. గాలి గొట్టంతో ఆరబెట్టాడు. తర్వాత ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇంజిన్ మీద దులిపాడు.

“ఏంటిది, అలంకారమా?” అంది టీచరమ్మ.

“దొంగ అడుగులు కనపడాలిగా అమ్మా. నూనె ఎక్కడ బయల్దేరితే అక్కడ తెల్లటి పొడి నల్లబడుతుంది. కింద రాలేది చివరి చుక్క. దాన్ని చూసి చాంబర్‌ని తిడితే చాంబర్ ఏం చేస్తుంది పాపం!”

చివరి మాట కుర్చీ వైపు విసిరాడు.

ఇంజిన్ వేసి ఇరవై నిమిషాలు వదిలేశాడు. బ్యాటరీ లైటు పట్టుకుని వంగి చూస్తూ నిలబడ్డాడు. ఇంజిన్ వేడెక్కింది. చాంబర్ పొడిగానే ఉంది. పక్కలు పొడిగానే ఉన్నాయి. అప్పుడు ఇంజిన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవరు వెనక మూలన, పౌడరులో గోరంత మచ్చ పుట్టింది. మచ్చ తడి గీత అయింది. గీత వంకర్లు తిరుగుతూ దిగి, సగం సైలెన్సర్ గొట్టం మీద పడి చిటపటమని పొగైంది, సగం చాంబర్ అంచుకు జారింది.

“అదీ సంగతి,” అన్నాడు.

ట్యాపెట్ కవరు కింద నూనె కారకుండా వేసే రబ్బరు ప్యాకింగ్ కూడా పోయినవారమే మార్చినట్టు గోడ మీది పలక మీద రాసుంది. అన్న రాతే. చిన్న మేస్త్రి ఇంజిన్ చల్లారనిచ్చి బాక్సు పానా వేశాడు. మొదటి బోల్టు వేలితో తిరిగేంత వదులు. మూల బోల్టు మాత్రం కిర్రుమని అరిచింది, అంత బిగువు. కవరు పైకి లేపాడు.

కొత్త ప్యాకింగ్ మూలన గాడిలోంచి బయటికొచ్చి, కవరు కింద నలిగి, తెగి ఉంది. అది చాలదన్నట్టు ఆ మూలంతా గమ్ము పట్టించి ఉంది, పసిపిల్లాడు అన్నం తిన్నట్టు.

చిన్న మేస్త్రికి చెవులు వేడెక్కాయి. గమ్ము పూయడం చేతకానివాడి పని అని తనకు నేర్పినవాడు పూసిన గమ్ము ఇది. మధ్య నుంచి మొదలెట్టి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలని వెయ్యిసార్లు చెప్పిన మనిషి బిగించిన బోల్టు ఇది. పదకొండేళ్ళుగా గుండెలో నానబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా నాలుక మీదికొచ్చాయి. పైగా ఇవాళ చూడ్డానికి బయటి మనిషి కూడా ఉంది.

కవరు పట్టుకుని విసవిసా నడిచి అన్న ఎదుట నిలబడ్డాడు. కిటికీ లేదు, జాకీ లేదు.

“ఇది పనేనా? నిన్నే అడుగుతున్నా! ఇది మనిషి చేసే పనేనా? ఎవరి చేతిలో పని నిలవదో ఇప్పుడు చెప్పు. ఆ టీచరమ్మ ముందు చెప్పు. పెద్ద మేస్త్రట, పెద్ద మేస్త్రి!”

టీచరమ్మ లేచి నిలబడింది.

పెద్ద మేస్త్రి కవరు అందుకున్నాడు. దాన్ని చూడలేదు. ఒళ్ళో పెట్టుకుని, అంచు వెంబడి బొటనవేలు నడిపించాడు. మూలకొచ్చేసరికి వేలు ఆగిపోయింది.

“నాకు కనపడట్లేదురా,” అన్నాడు.

పదకొండేళ్ళకు తమ్ముడితో నేరుగా అన్న మొదటి మాట అది. చిన్న మేస్త్రి తడబడ్డాడు, అంతలోనే మరింత మండిపోయాడు.

“కనపడకపోతే నోరుందిగా? చెప్పొద్దా?”

“ఎవరికి చెప్పమంటావ్? బ్యాటరీకా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరు చూశారు, ఒకరు చూడటానికి ప్రయత్నించారు. అప్పుడు పెద్ద మేస్త్రి కుర్చీ పట్టుకుని లేచి టీచరమ్మ ఉన్న వైపు, కొంచెం పక్కకు తిరిగి, గట్టిగా అన్నాడు:

“అమ్మా, తప్పు నాది. ఇప్పుడూ నాదే, అప్పుడూ నాదే. మా తమ్ముడు ఆ బోల్టు ముట్టుకోలేదు.”

“పర్లేదండీ, కారు బాగైతే చాలు,” అంది టీచరమ్మ, ఏ బోల్టో తెలియక.

“చెప్పాల్సింది ఈవిడకి కాదు!” అని అరిచాడు చిన్న మేస్త్రి. “పదిమందిలో అన్నావ్. పదిమందీ ఎక్కడున్నారో ఇప్పుడు? ఆ ఏజెంటు ఎక్కడ చచ్చాడో! నా కూతురు ఆ రోజు ఇక్కడే ఉంది తెలుసా? నాకు అన్నం తెచ్చి ఆ గుమ్మంలో నిలబడి విన్నది.”

పెద్ద మేస్త్రి వేలు మళ్ళీ కవరు మూలకు పోయి అక్కడే తడిమింది. “గాడిలో పాత ముక్క ఉండిపోయింది. తీశావా?” అన్నాడు.

“నాకు తెలుసు.”

“తెలిస్తే తియ్యి మరి.”

తెలియదు. చిన్న మేస్త్రి కవరు లాక్కుని వెలుతురులో చూశాడు. మూల గాడిలో పాత ప్యాకింగ్ ముక్క, బియ్యపు గింజంత, రాయిలా గట్టిపడి కూర్చుంది. కొత్త ప్యాకింగ్‌ను బయటికి నెట్టింది అదే. కళ్ళున్నవాడికి కనపడలేదు, కళ్ళు లేనివాడి వేలికి దొరికింది. ఆ సంగతి అతని కోపాన్ని తగ్గించలేదు, మూడింతలు చేసింది.

సూదిమొనతో ముక్క పెకిలించాడు. గమ్మంతా గీకాడు. గాడి కడిగి, ఆరబెట్టి, కొత్త ప్యాకింగ్ వేలితో ఒత్తుకుంటూ చుట్టూ కూర్చోబెట్టాడు. కవరు దించి బోల్టులు ఎక్కిస్తుంటే అన్న వచ్చి కారు అంచు పట్టుకుని నిలబడ్డాడు.

“మధ్యది ముందు. తర్వాత ఎదురుది.”

“నాకు తెలుసని చెప్పానా!”

“మూల బోల్టు చివర్న. మెల్లగా, వాసన చూసినట్టు బిగించు. అంతే. ఇక ఆపు.”

చిన్న మేస్త్రి అప్పటికే ఆపాడు. ఇద్దరికీ ఒకే చోట ఆపాలనిపించిందన్నది అతనికి నచ్చలేదు.

మళ్ళీ పౌడరు చల్లి, టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కారు తీశాడు. ఊరి చివరి వంతెన దాకా వేగంగా, వచ్చేటప్పుడు నెమ్మదిగా. వాసన లేదు. వంతెన దగ్గర మూత ఎత్తి చూస్తే మూలంతా తెల్లగా, పొడిగా ఉంది. టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“మీ అన్నగారు పాపం, అంత పెద్దాయన్ని...”

“మీకు తెలియదమ్మా. ఇంకా సగం కూడా తిట్టలేదు.”

రెండున్నరకు షెడ్డు ముందు అతను దిగగానే ఆమె కారు తీసుకుని తల్లి కోసం వెళ్ళిపోయింది. మిగిలిన సగం అతను దారిలోనే సిద్ధం చేసుకున్నాడు. అన్నని తన కూతురి దగ్గరికి తీసుకెళ్ళాలి, ఆ మాట అన్నే దానితో చెప్పాలి. తర్వాత కళ్ళాసుపత్రికి రావాలి. రానంటే మెడ పట్టి లాక్కెళ్తాడు.

పెద్ద మేస్త్రి కుర్చీలో ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది. చేతులు ఒళ్ళో.

“కారలేదు. చుక్క కారలేదు,” అన్నాడు చిన్న మేస్త్రి. “రేపు నువ్వు నాతో వస్తున్నావ్. ఎక్కడికని అడక్కు.”

జవాబు లేదు.

“మళ్ళీ మొదలెట్టావా? ఎన్నేళ్ళు ఈసారి?”

జవాబు లేదు. కోపంగా భుజం పట్టి కుదిపాడు. తల పక్కకు వాలింది. చిన్న మేస్త్రి ఆ భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. “లే. నా మాట పూర్తి కాలేదు. లే అన్నయ్యా,” అని అదే గొంతుతో, అదే కోపంతో చాలాసేపు అన్నాడు.

వీధి మూల మీది డాక్టరు వచ్చి చూసి గుండె అన్నాడు. బాధ తెలిసి ఉండదన్నాడు. వదిన ఆటోలో వచ్చింది. ఏడ్చి ఏడ్చి, భర్త పాదాల దగ్గర నేల మీద కూర్చుని మరిది వంక చూసింది.

“ఆర్నెల్లుగా చూపు ఆనట్లేదయ్యా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇందాక ఫోన్ చేశాడు. ‘ఒసేయ్, తమ్ముడు నన్ను తిట్టాడే! మొహమ్మీదే తిట్టాడు’ అని ఒకటే నవ్వు. ఏంటయ్యా అంత నవ్వు అంటే పెట్టేశాడు.”

చిన్న మేస్త్రి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడతో ఏమీ చెప్పలేదు.

సాయంత్రం నలుగురూ కలిసి పెద్ద మేస్త్రిని ఇంటికి తీసుకెళ్ళారు. షెడ్డు మూయడానికి చిన్న మేస్త్రి వెనక ఉండిపోయాడు. పానాలు తుడిచి నంబర్ల వరసలో పెట్టాడు. బయటికొచ్చి షట్టరు కిందికి లాగితే అది నేలకు రెండు వేళ్ళ ఎత్తున ఆగిపోయింది. బలంగా లాగాడు. దిగలేదు. కాలితో తన్ని, వంగి చూశాడు.

షట్టరు కింద, పొద్దున పని బూట్లు వేసుకుంటూ అన్న గుమ్మంలో విడిచిన తోలు చెప్పులు. కుడిదాని పట్టీ తెగితే సన్నటి రాగి తీగతో కుట్టి ఉంది, చూసి కాదు, తడిమి వేసిన కుట్లు, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, చివరి ముడి మాత్రం గట్టిగా.