ఒక్క బెల్లు

బెల్లు మోగగానే సదయ్య కుడి చెయ్యి లివర్‌ను వెనక్కి లాగింది. డ్రమ్ము మూలిగింది, ఇనుప తాడు బిగిసింది, కింద ఎక్కడో చీకట్లో బొగ్గు టబ్బులు ఒకదానికొకటి తగులుకుని కదిలాయి. చెయ్యి పని చెయ్యి చేస్తోంది గానీ, నోరు మాత్రం ఆగలేదు.

"కుతుబుద్దీన్ అసొంటోన్ని కూసోబెడ్తరా? బుద్ధున్నోడు ఎవడన్న చేస్తడా గా పని?"

వింటున్నవాళ్లు నవ్వు ఆపుకుంటున్నారు. తాడు లాగే యంత్రం ఉన్న ఆ హాలర్ గదిలో ఎండాకాలం నుంచీ ఇదే ముచ్చట. ఆ ఏరియా వాలీబాల్ జట్టుకు కుతుబుద్దీన్ ఏళ్ల తరబడి లిఫ్టరు. లిఫ్టరంటే బంతిని షూటర్ చేతికి అందేలా పైకి లేపి ఇచ్చేవాడు. కొట్టేది షూటరు, చప్పట్లూ షూటరుకే. కానీ జట్టు బతుకు లిఫ్టర్ వేళ్ల మీద ఉంటుందని గోదావరిఖనిలో చాయ్ తాగే ప్రతివాడూ చెబుతాడు. అలాంటి కుతుబుద్దీన్‌ను ఈ ఏడు బెంచీ మీద కూర్చోబెట్టి, పక్క గనిలో టబ్బులు నెట్టే తిరుపతి అనే కుర్ర ట్రామర్‌ను దింపారు. దింపింది ఆటల ఇన్‌చార్జి వేణుమాధవ్ సారు. పైరవీ నడిచిందని కొందరు, చుట్టరికమని కొందరు అన్నారు. అందరికంటే గట్టిగా అన్నవాడు సదయ్య.

"ఇయ్యాల ఫైనల్ గదనే, సదయ్య కాకా. శ్రీరాంపూరోళ్లు డప్పులు గూడ పట్టుకొస్తున్నరట," అన్నాడొకడు ఎగదోస్తూ.

"తెస్తరు బిడ్డా, ఎందుకు తేరు? గా పోరడు ఆడుతున్నడని తెలిస్తె బ్యాండు మేళం గూడ తెస్తరు!"

సదయ్య పొట్టి మనిషి. కనుబొమ మీద పాత దెబ్బలో బొగ్గుపొడి ఇంకిపోయి నీలంగా ఒక గీత మిగిలింది. లివర్ పట్టి పట్టి కుడి అరచెయ్యి కాయలు కాసి, అన్నం కలుపుకుంటే మెతుకు వేడి తెలియనంత మొద్దుబారింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తట్టలు మోశాడు, తర్వాత టబ్బులు నెట్టాడు, ఆ తర్వాత ఈ హాలర్ ముందు కూర్చున్నాడు. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. యూనియన్‌లో నాయకుడు కాలేదు, పేపర్లో పేరు పడలేదు, బెస్టు వర్కరని ఎవరూ శాలువా కప్పలేదు. ఆఫీసర్లతో ఆయన మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక్కటే మాట, 'సార్'.

ఆయన ఉద్యోగమంతా బెల్లు మాట వినడమే. బెల్లు కొట్టే మనిషి కింద తాడు చివర ఉంటాడు, ముఖం కనబడదు. తాడు నడుస్తుండగా ఒక్క బెల్లు మోగిందంటే ఆపాలి. ఎందుకని అడగకూడదు. అక్కడ ఎవరి కాలు టబ్బు కింద ఉందో, ఎవరి చెయ్యి తాడులో పడిందో ఎవరికి తెలుసు? ముందు ఆపాలి, ఆ తర్వాతే అడగాలి. బాయిలో, అంటే గనిలో, పనిచేసే వాళ్లందరికీ అది మెదడు దాకా పోదు, ఒంట్లోనే ఉంటుంది. తాడు పక్కన నడిచే ట్రామర్లయితే ఒక్క బెల్లుకు ఎక్కడివాళ్లు అక్కడ శిలల్లా నిలబడిపోతారు. అలా నిలబడ్డవాళ్లే ఇంటికి పోయి అన్నం తింటారు.

ఆ రోజు సదయ్యకు ఆఖరి షిఫ్టు. సర్వీసు అయిపోవడాన్ని ఇక్కడ దిగిపోవడం అంటారు. రోజూ బాయి దిగే మనిషికి చివర్న ఆ మాటే మిగలడం చిత్రమే గానీ, సదయ్యకు అవన్నీ ఆలోచించే తీరిక లేదు. ఆయన బుర్రంతా ఫైనల్‌లో ఉంది. షిఫ్టు దిగాక గని మీది పిట్టాఫీసులో మేనేజరు దండ వేసి, "రెండు మాటలు మాట్లాడు సదయ్యా," అన్నాడు. అనాల్సింది చాలా ఉంది. కుతుబుద్దీన్ సంగతి ఇక్కడే తేల్చేద్దామని పొద్దున్నే అనుకున్నాడు కూడా. తీరా నిలబడితే గొంతులోంచి ఒకే మాట వచ్చింది.

"సార్," అని కూర్చున్నాడు.

క్వార్టర్‌కు వచ్చేసరికి భార్య లస్మవ్వ గిన్నెలను గోనె సంచుల్లో సర్దుతోంది. తెల్లారితే ట్రాలీ వస్తుంది, సామానంతా సొంతూరికి పోతుంది.

"ఇయ్యాలన్న ఇంటిపట్టున ఉండరాదు? గా మంచమన్న ఇప్పుదువు."

"ఫైనల్ గదనే!"

"నువ్వు పోకపోతె బంతి లేవదా ఏంది?"

"ఇప్పుడైతె లేస్తలేదు గదా! గదే నా బాధ," అంటూ సగం తాగిన చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి బయటపడ్డాడు.

గ్రౌండు కిక్కిరిసిపోయి ఉంది. శ్రీరాంపూర్ వాళ్లు నిజంగానే డప్పులు తెచ్చారు. పాయింటు వచ్చిన ప్రతిసారీ దడదడలాడిస్తున్నారు. కోర్టు పక్కన కుర్చీల్లో కంపెనీ జట్టుకు ఆటగాళ్లను ఎంచడానికి వచ్చిన పెద్దలు కూర్చున్నారు. ఈ ఆటతోనే పేర్లు ఖాయమవుతాయి. పేరు వచ్చినవాడు బొగ్గు కంపెనీలన్నీ కలిసే పెద్ద పోటీలకు పోతాడు. రానివాడు తెల్లారి మళ్లీ టబ్బులు నెట్టాలి.

సదయ్య జనాన్ని తోసుకుంటూ వెళ్లి లైటు స్తంభం పక్కన చోటు సంపాదించాడు. మొదటి సెట్టు మనవాళ్లే గెలిచారు. నిజం చెప్పాలంటే తిరుపతి బాగానే ఆడాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న కుర్రాడు బంతి కిందికి పిల్లిలా చేరుతున్నాడు. కానీ కోపంతో చూసే కంటికి మంచి కనబడుతుందా?

"అటు గాదురా, ఇటు లేపాలె! షూటరు ఇటుండు!" సదయ్య అరుస్తూనే ఉన్నాడు. చుట్టుపక్కల వాళ్లు వంత పాడారు. "తియ్యుండ్రి గాన్ని! కుతుబుద్దీన్ భాయ్‌ను దింపుండ్రి!"

రెండో సెట్టు చివరికొచ్చింది. సమానంగా సాగిన ఆట, శ్రీరాంపూర్ వాళ్లు ఒక్క పాయింటు ముందుండగా బిగిసిపోయింది. వెనక నుంచి బంతి మెత్తగా లేచి తిరుపతి నెత్తి మీదికి వచ్చింది. కుర్రాడి చేతులు పైకి లేచాయి. మొహం మళ్లీ అటే తిరిగి ఉంది, సదయ్య వద్దన్న వైపే. ఆయనకు ఒళ్లు మండిపోయింది. కాళ్ల దగ్గరున్న రాయి ఎప్పుడు తీసుకున్నాడో ఆయనకే తెలియదు. ఇనుప స్తంభం మీద ఒక్కటి కొట్టాడు.

ఖణ్!

తిరుపతి నిలబడిపోయాడు.

చేతులు గాలిలో అలాగే ఉన్నాయి. కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. బంతి అతని భుజం మీద పడి, జారి, పాదాల ముందు దొర్లింది. షూటరు కూడా ఎగరబోయి ఆగిపోయాడు. డప్పులు చెలరేగాయి. ఆ పాయింటుతో సెట్టు పోయింది.

జనం భగ్గుమన్నారు. "చెప్పలే? చెప్పలే మేము?" అంటూ బూతులు అందుకున్నారు. సదయ్య ఒక్కడే అరవలేదు. ఆయన చేతిలో రాయి ఇంకా ఉంది. ఆ నిలబడిపోవడం ఏమిటో ఆయనకు తెలుసు. కుర్రాడు భయపడి ఆగలేదు, చేతగాక ఆగలేదు. బెల్లు విని ఆగాడు. సదయ్య రాయి కింద పడేసి, కోర్టు అవతల బెంచీ దగ్గరికి ఉరికాడు.

బెంచీ మీద కుతుబుద్దీన్ మోకాలికి పట్టీ కట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొంచెం దూరంలో వేణుమాధవ్ సారు తిరుపతి ముందు నిలబడి నిలదీస్తున్నాడు. కుర్రాడు తల వంచుకున్నాడు.

"తమ్మీ, గా పోరన్ని తీసేస్తరా ఏంది?" అని సదయ్య కుతుబుద్దీన్‌ను పట్టుకుని అడిగాడు.

"తీసేసేతట్టే ఉన్నరన్నా. నన్ను తయారుండుమన్నరు. దిగి నేనేం చేస్త? మోకాలు వంగుతలేదు. అసలు గా పోరన్ని తీసుకొమ్మని సారుకు చెప్పిందే నేను."

సదయ్య నోరు తెరిచాడు. "మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పనిస్తెనా? నా తరఫున గూడ నువ్వే మాట్లాడుతున్నవాయె!"

ఎండాకాలం నుంచీ తిట్టిన తిట్లన్నీ ఒక్కసారి ఆయన మీదికే తిరిగి వచ్చినట్టయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వెళ్లిపోదామా అనిపించింది. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగరు. కానీ ఎదురుగా ఆ కుర్రాడి వంగిన మెడ కనబడుతోంది. తెల్ల గీత దాటి కోర్టులోకి నడిచాడు.

"సార్," అన్నాడు. ఈసారి అక్కడ ఆగలేదు. "పోరని తప్పు లేదు సార్. నేను కొట్టిన."

"ఏం కొట్టినవ్?" వేణుమాధవ్ చిరాకుగా తిరిగాడు.

"ఒక్క బెల్లు సార్. గా స్తంభం మీద. కోపానికొచ్చి కొట్టిన. ట్రామర్ గదా సార్, ఆగిండు. ఆగకుంటె ఎట్ల?"

తిరుపతి చటుక్కున తలెత్తాడు. "బెల్లేనా కాకా? నిజంగ మోగిందా? నాకే ఇనవడ్డదనుకున్న. కాళ్లు కట్టేసినట్టయింది. సారుకు ఏమని చెప్పాలె? చెప్తె నవ్వుతరనుకున్న." కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేణుమాధవ్ స్తంభం వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు బాయి దిగిన మనిషే. మొహంలో చిరాకు మెల్లగా కరిగింది.

"కుతుబుద్దీన్‌ను దింపాలని ఊరంత లొల్లి వెట్టింది నువ్వే కదయ్యా?"

"నేనే సార్."

"మరిప్పుడేమంటవ్?"

"గీ పోరన్నే ఉంచుండ్రి సార్. మంచిగ ఆడుతున్నడు. నేనే సక్కగ చూడలే."

"ఉంచుతగానీ, నీ చెయ్యి ఊకుంటదా మరి?"

సదయ్య కుడి చెయ్యి తిప్పి చూసుకున్నాడు. దాని సంగతి ఆయనకు తెలియనిదా?

"ఊకోదు సార్. నేనే బయటికి పోత."

తిరుపతి ఏదో అనబోయాడు. అప్పటికే సదయ్య అటు తిరిగి జనంలో కలిసిపోయాడు.

బయట గోడ పక్కన మురికినీళ్ల మోరీ బండ మీద కూర్చున్నాడు. ఎదురుగా రోడ్డు మీద షేర్ ఆటోలు మనుషుల్ని కుక్కుకుని పోతున్నాయి, బొగ్గు లారీలు దుమ్ము రేపుతున్నాయి. లోపల చివరి సెట్టు మొదలైంది గానీ, ఆట కనబడదు. గోడ అవతలి నుంచి చప్పుడు మాత్రం వస్తోంది. డప్పు మోగితే వాళ్లది. ఈలలు వేస్తే మనది. ఏదీ లేకపోతే బంతి ఇంకా గాలిలో ఉంది. కనబడని చోట ఏం జరుగుతోందో చెవితో తెలుసుకోవడం ఆయనకు కొత్తా? కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

డప్పు. ఈల. ఈల. డప్పు. మళ్లీ డప్పు. సదయ్య తొడ మీద చెయ్యి బిగిసింది. "లేపు బిడ్డా, మెల్లగ లేపు," అని తనలో తానే గొణుక్కున్నాడు. పక్కన నిలబడి బఠానీలు తింటున్న ముసలామె ఆయన్ను వింతగా చూసింది. ఈల. ఈల. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఎంతకూ తెగని నిశ్శబ్దం. డప్పు మోగుతుందేమోనని ఆయన ప్రాణం చెవుల్లోకి వచ్చింది.

డప్పు మోగలేదు. గోడ అదిరిపోయేలా ఖని మొత్తం అరిచింది.

సదయ్య లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏదీ ఆపాలని అనిపించలేదు. కాసేపటికి మైకు గరగరలాడింది. కంపెనీ జట్టుకు ఎంపికైన వాళ్ల పేర్లు చదివారు. చివరి పేరు దగ్గర మైకు ఒకసారి కూసి తేరుకుంది. "లిఫ్టరు... తిరుపతి."

"సభాష్ బిడ్డా!" అన్నాడు సదయ్య పైకే. ముసలామె భయపడి నాలుగడుగులు జరిగింది. ఆమెకు ఏదో చెప్పాలనుకున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చెయ్యి ఊపి ఊరుకున్నాడు. లోపలికి పోతే గెలుపు పండుగలో తనకూ ఇంత చోటు దొరికేదే. కానీ ఇంటి దగ్గర మంచం విప్పాలి, లస్మవ్వకు ఇదంతా మొదటి నుంచి చెప్పాలి. దుమ్ములో వడివడిగా నడిచాడు. కంకర కాళ్లకు గుచ్చుకుంటోందని క్వార్టర్ల మలుపు దగ్గర గానీ తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తిరగలేదు. తెల్లారి ట్రాలీ చెప్పిన వేళకే వచ్చింది.

గ్రౌండులో మాత్రం ఆ సాయంత్రం జనం పలచబడ్డాక తిరుపతి నెట్టు విప్పి చుడుతూ కోర్టు అంచుకేసి చూసి ఆగాడు. తెల్ల గీతకు ఇవతల, కోర్టులోకి అడుగు పెట్టేముందు ఎవరో విడిచిన రబ్బరు చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, ఆట వైపు మొహం పెట్టి పక్కపక్కన ఉన్నాయి.