రేవు దగ్గరపడే చప్పుడు

ప్రసన్నకుమారి పెళ్లయి రాజోలు కాపురానికొచ్చిన కొత్తలో ఆడపడుచు గదిలోంచి కత్తులు దూసిన చప్పుళ్లూ, గుర్రపు డెక్కలూ, ఎవరో బొంగురు గొంతుతో ఇంగ్లీషులో బెదిరించడమూ విని హడలిపోయింది. ఆడపడుచు శారోన్‌కి ఆరో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. ఇప్పుడు ఇరవయ్యారేళ్లు, ఊళ్లోనే ఒక బ్యాంకులో ఉద్యోగం. చూపులేని మనిషి వీడియో గేములు ఆడ్డమేమిటో హైస్కూల్లో సైన్సు చెప్పే ప్రసన్నకి బొత్తిగా బోధపడలేదు.

"చెవుల్తో ఆడతాను వదినా. ఇలా కూర్చో," అంటూ శారోన్ తన హెడ్‌ఫోన్లు తీసి ఆవిడ తలకి పెట్టింది. "ఎడమపక్క వాన చప్పుడు ఎక్కువగా ఉందా? అంటే అటు తలుపు తీసుంది. కుడిపక్క ఎవరిదో ఊపిరి వినబడుతోందా?"

"ఆయ్, వినబడుతోంది."

"వాణ్నే మనం తప్పించుకోవాలి."

అన్ని ఆటలూ ఇలా ఆడ్డానికి కుదరవట. కొన్నింటిలోనే చప్పుళ్లతో దారి తెలుస్తుందిట. అందుకే కొత్త ఆట ఏది వస్తోందన్నా శారోన్‌కి పండగే. ఏది ఏ నెలలో వస్తుందో, దేన్లో తెరమీద అక్షరాలు చదివి వినిపిస్తారో, ఏది వాయిదా పడిందో, అన్నీ నోటికొచ్చు. సాయంత్రం బ్యాంకునించి వచ్చి టీ గ్లాసు పట్టుకుందంటే ఆ కబుర్లే. ఓసారి రాబోయే ఆట ప్రకటన ఒకటి పదిసార్లు విని, "ఇతని బూట్లు తడిసున్నాయి వదినా. ఇది ఊబిలో జరిగే కథ," అంది. వారం తిరక్కుండా ఆట తయారుచేసేవాళ్లే ఆ మాట చెప్పేరు. ఆ రోజు ప్రసన్న ఆడపడుచుని కొత్తగా చూసింది.

ఆ ఏడు శారోన్ అన్నిటికన్నా ఎక్కువ ఆశపడ్డది 'సాల్ట్ ఫెర్రీ' అనే ఆటమీద. చిలీ దేశంలో ముగ్గురే ముగ్గురు కలిసి చేస్తున్నారు. ఊరూరికీ ఉప్పు చేరవేసే పడవమనిషి కథ. పడవ, ఏరు, రేవు. పెద్ద కంపెనీల ఆటలకి లేని సొగసు దాని చప్పుళ్లలో ఉందనేది. ముందుగా ఆడి చూడ్డానికి ఒక ముక్క విడుదల చేస్తే సెలవు పెట్టి మరీ కూర్చుంది.

పొద్దున్న కూర్చున్న మనిషి మధ్యాహ్నం అన్నానికి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమైంది శారోనూ?"

"పడవ రేవుకి చేరట్లేదు వదినా. పదిహేడు సార్లు గుద్దేశాను. నడి ఏట్లోనూ అదే చప్పుడు, ఒడ్డు దగ్గరా అదే చప్పుడు. కళ్లున్నవాళ్లు ఒడ్డుని చూసి ఆపుకుంటారు. నాకెలా తెలుస్తుంది?"

మరొకరైతే తిట్టుకుని వదిలేద్దురు. శారోన్ అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఫోను ముందు కూర్చుని ఆట చేసేవాళ్లకి ఉత్తరం నోటితో చెప్పి దానిచేత రాయించింది. ఆట ఎంత బావుందో ముందు చెప్పింది. వానచుక్క తెరచాప మీద పడితే ఒకలా, చెక్కమీద పడితే ఒకలా వినబడేలా చేసినవాళ్ల చేతులకి దణ్ణం పెట్టింది. ఆ తరవాతే రేవు సంగతి ఎత్తింది.

నాలుగో రోజున జవాబొచ్చింది. 'మీరు చెప్పింది నిజం. మాకు తట్టనే లేదు. కానీ ఒడ్డు దగ్గరపడితే ఏరు ఎలా వినబడుతుంది?'

"అది మాటల్లో చెప్పేదా!" అంది శారోన్. "ఆదివారం చర్చి అవ్వగానే ఏటికి తీసికెళ్తావా వదినా?"

ఆటో మాట్లాడుకుని గోదారి పాయ వశిష్ఠ ఒడ్డుకి వెళ్లేరు. నూకరాజు అనే ఆయనకి చిన్న నావ ఉంది. విషయం విని తలగుడ్డ సర్దుకుంటూ నవ్వేడు.

"ఆటలోకి మా ఏటి చప్పుడు కావాలాండీ? ఎక్కండమ్మగారూ, దానికేం భాగ్యం!"

శారోన్ ఫోన్లో రికార్డింగు పెట్టుకుని నావ ముందు భాగాన కూర్చుంది. నడి ఏట్లో తెడ్డు మునిగితే లోతుగా, మెత్తగా వినబడింది. ఇవతలికి వచ్చేక నూకరాజు తెడ్డు పక్కనబెట్టి గెడ తీసేడు. గెడ బురదలో దిగినప్పుడు ఒక చప్పుడు, ఇసకలో దిగినప్పుడు వేరే చప్పుడు. నావ అడుగున నీళ్లు సన్నగా గలగలమనడం మొదలెట్టేయి.

"ఇప్పుడు ఒడ్డు నాలుగు బారలుంది," అంది శారోన్ మెల్లిగా.

నూకరాజు గెడ ఆపి ఒడ్డుకేసి చూసేడు. "సరిగ్గా నాలుగేనండీ!" అన్నాడు.

ప్రసన్న కూడా కళ్లు మూసుకుని విన్నది. నీళ్ల చప్పుడు తప్ప ఆవిడకేమీ అందలేదు. చేతికి అందేంత దూరంలో కూర్చున్న ఈ పిల్లకి ఎంత పెద్ద ఏరు వినబడుతోందో అనుకుంది.

నూకరాజుకీ హుషారొచ్చింది. "ఖాళీ నావ చప్పుడు వేరండీ, కొబ్బరికాయలు వేస్తే వేరు. అదీ పట్టుకోండి," అని ఒడ్డున ఉన్న కాయలు నావలోకెక్కించి మళ్లీ ఏటిమీదకి తీసికెళ్లేడు. మొత్తం మూడు గంటలు తిప్పేడు.

చప్పుళ్లన్నీ ఏది దేనిదో విడమర్చి చెప్పి చిలీకి పంపింది శారోన్. నెలా పదిహేను రోజులకి ఆ ముక్కనే సరిచేసి మళ్లీ విడుదల చేసేరు. అత్తగారు ఎలీసమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. శారోన్ పెదాలు బిగబట్టి, తల కాస్త వంచి ఆడింది. తెడ్డు, తెడ్డు, గెడ. బురద, ఇసక. సన్నటి గలగల. మీటమీంచి వేలు తీసేసింది. పడవ రేవుకి ఒరుసుకుని ఆగింది.

"చేరేను!" అని అరిచి వదిన మెడ పట్టుకుని ఊపేసింది.

ఆట మాత్రం అనుకున్న నెలకి రాలేదు. ఏటి చప్పుళ్లు ప్రతి రేవుకీ పెట్టాలనీ, అందుకని ఆర్నెల్లు వాయిదా వేస్తున్నామనీ ప్రకటించేరు. అభిమానులు చాలామంది విసుక్కున్నారు. "బాగా చేస్తామంటుంటే తొందరేమిటో వీళ్లకి!" అని శారోన్ వాళ్లమీద విసుక్కుంది.

ఆ వారంలోనే పోలండునించి మారెక్ అనే ఆయన శారోన్‌కి ఉత్తరం రాసేడు. ఆయనకీ చూపు లేదు. సరిచేసిన ముక్క ఆడేడట. 'ఎవరి సాయమూ లేకుండా నేను ఏరు దాటేను. ఆ చప్పుళ్లు మీరు పంపినవని తయారుచేసినవాళ్లు చెప్పేరు. ఇంత మంచి ఏరు ఏది? దాని పేరేమిటి?'

ఫోను ఆ ఉత్తరం చదివి వినిపిస్తుంటే శారోన్ మూడుసార్లు వింది. తరవాత గొంతు సవరించుకుని, జవాబు తన గొంతుతోనే రికార్డు చేసింది.

"వ-శి-ష్ఠ," అంది ఒక్కో అక్షరం విడదీసి, అటువైపు మనిషి పలకడానికి వీలుగా.