కుక్కర్‌కి కిటికీ పక్క సీటు

అమెరికా సంగతి నన్నడగండి. గ్రాండ్ కాన్యన్ అనే ఆ మహా లోయ అంచున కాళ్ళు వేలాడేసుకుని చుట్ట కాల్చినవాణ్ణి. నా చుట్ట పొగ అవతలి గట్టు చేరేసరికి ఇవతల పొద్దు గూకింది. అంతటివాణ్ణి చెబుతున్నాను కనక సుధ కథ కాస్త నమ్మకంగానే వినండి.

ఆ శుక్రవారం మధ్యాహ్నం అరిజోనాలోని చాండ్లర్‌లో తన వంటింట్లో సుధ పులిహోర పులుసు ఉడికిస్తోంది. చెవిలో ఆఫీసు మీటింగు. "సుధా, నోట్స్ నువ్వు తీసుకుంటావుగా?" అన్నాడు మేనేజరు. ఆ మీటింగులో చేతులున్న మగవాళ్ళు చాలామందే ఉన్నారు. నోట్సు దగ్గరికొచ్చేసరికి ఎవరికీ చేతులుండవు. మ్యూట్ తీసి "ష్యూర్" అంది, గరిట తిప్పింది.

హాల్లోంచి భర్త పద్మనాభం కేకేశాడు. "పులుసు కాస్త ఎక్కువే పెట్టు. రేపు గ్రాండ్ కాన్యన్ బస్సు ఫుల్లట. నీ పేరు లక్ష్మీపతికి ఇచ్చేశాను. ఒక్కదానివే కదా, వాళ్ళమ్మ సుబ్బులుగారితో రూమ్ షేరింగ్. ఆవిడకీ తోడు, నీకూ తోడు."

"నేను కార్లో వెళ్తానని చెప్పానుగా."

"ఒక్కదానివా? ఆ ఎడారిలో టైరు పంక్చరైతే? మనకి పడట్లేదనుకోరూ నలుగురూ?"

"పోనీ మీరూ రండి."

"అవే రాళ్ళుగా. నాకు మ్యాచ్ ఉంది."

పద్మనాభాన్ని డౌన్‌టౌన్‌కీ, కూతుర్ని స్కూలుకీ, అత్తగారిని ఎయిర్‌పోర్టుకీ ఏళ్ళ తరబడి మోసిన కారు అదే, స్టీరింగు మీద చేతులూ అవే. అన్నాళ్ళూ పంక్చరు మాట ఎవరి నోటా రాలేదు. తన కోసం తాళం తీసుకుంటానన్న రోజునే అరిజోనా రోడ్లన్నిటా మేకులు మొలిచాయి.

పోయినేడూ ఇదే బస్సు, ఇదే లోయ. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకి గ్రూప్ టూరే క్షేమమని టూర్ కెప్టెన్ లక్ష్మీపతి తేల్చాడు. ఈలా, పసుపు టోపీ ఉంటే ఎవరైనా కెప్టెనే. ఆ క్షేమం ఎలాంటిదో సుధ మొదటి మజిలీలోనే చూసింది. మోటెల్ గదిలో సుబ్బులుగారి మోకాళ్ళకి నూనె రాయడం సుధ వంతు. సుధగారి చేతి పోపు లేకపోతే టూర్ టూరే కాదని పొగిడి, ఆమె సూట్‌కేసులో తెప్పించిన రైస్ కుక్కరూ కరెంటు స్టవ్వూ బాత్రూములో పెట్టించారు. పొగ అలారానికి షవర్ క్యాప్ తొడిగించిన తెలివి లక్ష్మీపతిది. ఆ తెలివి ఎండుమిర్చి ఘాటు ముందు నిలవలేదు. అలారం మోగి, మోటెల్ మొత్తం నైట్‌డ్రెస్సుల్లో రోడ్డున పడి, ఫైరింజను వచ్చి, హెల్మెట్టు పెట్టుకున్నాయన ఎవరిదీ పని అనడిగితే, లక్ష్మీపతి వేలు చాపి "షి ఈజ్ అవర్ కుక్" అన్నాడు. ఆమె కూడా వాళ్ళలాగే టికెట్టు కొనుక్కుని ఎక్కిన మనిషేనని ఒక్క నోరూ అనలేదు. ఇంటికొచ్చాక పద్మనాభం ఆ ముక్కని ప్రతి పార్టీలోనూ చెప్పి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.

అసలు బాధ అది కూడా కాదు. పొద్దు వాలేటప్పుడు లోయ రంగులు మారుతుందని అందరూ అంచుకి పరుగెత్తారు. "వాళ్ళొచ్చేలోపు పెరుగన్నం కలిపేయండి సుధగారూ" అని కెప్టెన్ ఈల ఊదాడు. పార్కింగులో బేసిను ముందు నిలబడి ఆమె చూసిన సూర్యాస్తమయం బస్సు అద్దం మీద ఎర్రటి మరక. అంతే. చెయ్యి కడుక్కునేసరికి అదీ లేదు.

ఆ బస్సులో నేనూ ఉన్నాను లెండి. చుట్టా లేదు, అంచూ లేదు. మోకాళ్ళ వంక పెట్టి ఏసీలోంచి దిగలేదు. అదే పెరుగన్నం మారు వడ్డించుకున్నాను. గట్టు దాటిన పొగ మాట అలా పక్కన పెట్టండి.

పులుసు దగ్గరపడింది. ఒంటరి ప్రయాణమంటే సుధకి భయం లేదనుకోకండి. ఫ్లాగ్‌స్టాఫ్ ఊరు దాటాక ఫోన్ సిగ్నల్ పోతే? హోటల్లో "జస్ట్ వన్?" అని అడిగితే ఆ ఒక్క కుర్చీలో ఎలా కూచోవాలి? ఎటు చూడాలి? బస్సులో ఈ బెంగలేవీ ఉండవు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు చూడాలో, ఎప్పుడు ఆహా అనాలో ఈలే చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. రోడ్డు మీద తప్పిపోతే ఎవరినైనా అడగొచ్చు. ఆ బస్సులో తను తప్పిపోయినట్టు ఎవరికీ తెలియను కూడా తెలియలేదు. స్టవ్వు కట్టేసింది. పులుసు సీసాకెత్తి, సీసాని కుక్కర్లో పెట్టి మూత వేసింది. కూతురు దియకి ఫోన్ చేస్తే, "మామ్, జస్ట్ గో. నాన్నకి ఏం చెప్పకు, హీ విల్ మేక్ ఇట్ అ మీటింగ్" అంది.

తెల్లవారి ఇండియన్ స్టోర్ ముందు బస్సు సిద్ధంగా ఉంది. లక్ష్మీపతి ఈల తీసి, "రండి రండి సుధగారూ, మీదే లేటు!" అన్నాడు. సుధ కుక్కర్ పట్టుకుని ఎక్కింది. సుబ్బులుగారి పక్కన, కిటికీ దగ్గర, తనకని ఉంచిన సీట్లో దాన్ని కూచోబెట్టింది. సీట్ బెల్టు లాగి, కుక్కర్ నడుం చుట్టూ తిప్పి, చప్పుడయ్యేలా బిగించింది.

"నువ్వెక్కడ కూచుంటావే అమ్మాయ్?" అన్నారు సుబ్బులుగారు.

"నేను రావట్లేదు పిన్నిగారూ. మీవాళ్ళకి కావలసింది ఎక్కింది."

"మరి రాత్రి నా మోకాళ్ళో?"

"మీ అబ్బాయి ఉన్నారుగా."

"ఇదేం పద్ధతండీ?" అని లక్ష్మీపతి మెట్ల దాకా వెంటపడ్డాడు. "వంట ఎవరు చేస్తారు?"

"ఈల ఊది చూడండి," అంది సుధ. కారెక్కింది.

దారిలో ఎక్కడ బుద్ధిపుడితే అక్కడ ఆగింది. ఒక్క కుర్చీలో కూచుని ఎవరో వండిన దోశలాంటి పాన్‌కేకు తింది. ఎటు చూడాలా అన్న బెంగ రెండో ముద్దకే పోయింది. సాయంత్రం లోయ అంచున బండ మీద కూచుంది. ఎరుపు ముదిరి ఊదా అయింది, ఊదా నలుపైంది. ఖాళీ చేతులు ఒళ్ళో ఉన్నాయి. అప్పుడు పద్మనాభం ఫోన్ చేశాడు. "లక్ష్మీపతి చెప్పాడు సుధా. తప్పు నాదే. నిన్ను అందరి ముందూ నవ్వులపాలు చేశాను. నిదానంగా చూసి రా," అన్నాడు.

కుక్కర్‌కి బెల్టు పెట్టిందంటే కోతలనుకున్నారు కదూ? అది అక్షరాలా నిజం. ఈసారీ అదే బస్సులో, నడవకి ఇవతలి సీట్లో కూచుని నా కళ్ళతో చూశాను. మిగతాది తర్వాత ఆమె నోటే విన్నాను. నేను కల్పించిందల్లా పద్మనాభం తప్పు ఒప్పుకోవడం ఒక్కటే. ఫోన్ మాత్రం చేశాడు. "ఆకలేస్తోంది, కుక్కరెక్కడ పెట్టావ్?" అన్నాడు.

"కిటికీ పక్కన," అని చెప్పి, సుధ మళ్ళీ లోయవైపు తిరిగింది.