ఆ ఎముకకు ఒక మాట

మైదా జిగురు ఇంకా ఆరలేదు.

తాకితే చల్లగా వేలికి అంటుకుంది... అప్పటికే వరదానం లేరు.

నా భర్త. మా బడిలో సైన్సు మాస్టారు. సైన్సు ఫెయిర్ కోసం పాత పేపర్లతో టెరనొడాన్ బొమ్మ చేస్తున్నారు. కోట్ల ఏళ్ల కిందట ఎగిరి, అంతరించిన సరీసృపం. పళ్ళు లేని పొడుగాటి ముక్కు. తల వెనక్కి కత్తిలా సాగిన ఎముక.

ఆ ఎముకకు తెలుగు మాట కావాలన్నారు ఆ ఉదయం. నేను తెలుగు టీచర్ని.

"జాగర్త. పేరు పెట్టేవంటే దాని పని కూడా చెప్పేసినట్టే" అన్నారాయన.

"సాయంత్రం చెప్తాను" అన్నాను.

రంగుల కోసం బజారుకు బయలుదేరారు. రోడ్డు దాటుతుండగా లారీ.

ఆ ఎముక ఎందుకో ఎవరికీ రూఢిగా తెలియదు.

గాలిలో మలుపు తిరగడానికి అన్నారు కొందరు శాస్త్రవేత్తలు — అయితే చుక్కాని.

ముందున్న ముక్కు బరువుకు వెనక సరిబరువు అన్నారు — అయితే పాసంగం.

జతను పిలవడానికి అన్నారు, మగవాటికి పెద్దది, ఆడవాటికి చిన్నది — అయితే కిరీటం.

చుక్కాని... పాసంగం... కిరీటం...

ఏ ఒక్కటి రాసినా మిగతా రెండూ అబద్ధమైపోతాయి.

సమాధి దగ్గర పాస్టరుగారు అన్నారు — "పెతిదాని ఎనకా దేవుడికో ఉద్దేశం ఉంటాదమ్మా."

తల వంచి విన్నాను. ఆమెన్ అనలేకపోయాను.

ఇవాళ బడి పిల్లలు ఇంటికి వచ్చారు. రంగులు వాళ్ళే తెచ్చుకున్నారు.

"అచ్చం కోడిజుట్టే" అంది షెకీనా ఆ ఎముకను చూసి.

"నీ పిలక కన్నా నయమే" అన్నాడు నానాజీ. "టీచరుగారండీ, రేపే ఫెయిరు. దీనికేటి రాయమంటారు?"

"ఉండరా. సారేటనేవోరండీ?" అంది షెకీనా.



సార్ నన్నే అడిగారు. ఆయన ఏమనుకుంటున్నారో నేను అడగలేదు... సాయంత్రం ఉంది కదా అనుకున్నాను.

అట్టముక్కలు తీసుకున్నాను. రెక్క దగ్గర రెక్క అని రాశాను. ముక్కు దగ్గర ముక్కు. ఎముక దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"రంగెయ్యండి ముందు" అన్నాను.

వాళ్ళు ఎరుపు వేశారు. నేను చూస్తూ కూర్చున్నాను.

సమాధి రాయి చెక్కే మేస్త్రీ కూడా అడుగుతున్నాడు — సారు పేరు కింద ఏటి పెట్టమంటారమ్మా అని.

భర్త. మాస్టారు. విశ్వాసి.

ఏ ఒక్కటి చెక్కినా...

ఎముక దగ్గరి అట్ట మీదా ఏమీ రాయలేదు. రాయి మీద పేరు కిందా రాయించలేదు.